వీసా దస్త్రం: ఇంటిల్లిపాది ఇచ్చే సాక్ష్యం

పడమటి ప్రకాశంలో ఇంజనీరింగు ముగించిన పిల్లలున్న ఇండ్లలో వీసా ముచ్చట వాన ముచ్చటలాగే సాగుతుంది. ఫలానావారి అబ్బాయికి వచ్చిందట, మనవాడికి రాలేదట, ఆ రోజు కౌంటరులో ఉన్న అధికారి కఠినుడట. పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఆకాశం వైపు చూసి బతకడం అలవాటైనవారికి ఈ ధోరణి సహజమే. కాని వీసా వానలాంటిది కాదు. హైదరాబాదు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో అధికారి మన బిడ్డను చూసేది కొద్ది నిమిషాలు మాత్రమే. అంతకు ముందే, నెలల తరబడి మన ఇంట్లో తయారైన కాగితాలు తమ సాక్ష్యం తాము చెప్పి ఉంటాయి. ఆ సాక్ష్యంలో తండ్రి సంపాదన ఉంటుంది, తల్లి పేరు ఉంటుంది, తాత ఇచ్చిన పొలం ఉంటుంది, గల్ఫ్‌లో ఉన్న అన్న పంపిన సొమ్ము ఉంటుంది. సంతకం విద్యార్థిదే అయినా, మాట ఇంటిల్లిపాదిది.

ముందు వరుస తెలుసుకోవాలి. అమెరికాకు మొదట ప్రవేశం, తరువాతే వీసా. విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి అక్కడి ప్రభుత్వ అనుమతి ఉన్న విద్యాసంస్థ మన బిడ్డకు సీటు ఇచ్చి, మొదటి సంవత్సరం ఖర్చుకు సరిపడే డబ్బు ఉన్నట్లు ఆధారాలు చూసి, ఐ-20 అనే పత్రం పంపుతుంది. దానిమీద ఉండే నంబరుతో 350 డాలర్ల సెవిస్ రుసుము కట్టాలి. డీఎస్-160 అనే దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపి, 185 డాలర్ల వీసా రుసుము చెల్లించి, వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు ఒక రోజు తీసుకోవాలి. వీసా రాకపోతే ఈ సొమ్ము తిరిగి రాదు. చదువు మొదలయ్యే తేదీకి ఏడాది ముందు నుంచే వీసా ఇవ్వవచ్చు గాని, ఆ తేదీకి 30 రోజుల కంటే ముందుగా ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. ఎఫ్-1 వీసా అంటే ఇదే. బ్రిటన్‌కు ఐ-20 స్థానంలో విశ్వవిద్యాలయం ఇచ్చే సీఏఎస్ నంబరు, ఇంగ్లీషు పరీక్ష ఫలితం, క్షయవ్యాధి లేదన్న ధ్రువీకరణ అవసరం. పేర్లు వేరైనా అన్ని దేశాలూ అడిగేవి మూడే: నీవు ఎవరవు, ఏం చదవబోతున్నావు, ఖర్చు ఎవరు పెడతారు.

డీఎస్-160ను చాలామంది కన్సల్టెన్సీకి అప్పజెప్పి ఊరుకుంటారు. ఆ దరఖాస్తు నింపడంలో ఎవరైనా సహాయపడ్డారా అన్న ప్రశ్న అందులోనే ఉంది. ఎవరు నింపినా, చివరన అన్నీ నిజమేనని ధ్రువీకరించేది విద్యార్థి. అతను కనీసం రెండుసార్లు అక్షరం అక్షరం చదవకుండా ఆ బటన్ నొక్కకూడదు.

పేరులోనే ఉంది చిక్కు

ముస్లిం కుటుంబాలకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది డబ్బు కాదు, పేరు. పదవ తరగతి మార్కుల జాబితాలో పేరుకు ముందు షేక్ అని పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఎస్.కె. అని రెండక్షరాలే ఉంటాయి. తండ్రి పాన్ కార్డులో అదే మాట చివర ఇంగ్లీషులో ఒక హెచ్ అదనంగా చేరుతుంది. మొహమ్మద్ ఒక చోట ఎం.డి. అవుతుంది, మరో చోట మహమ్మద్ అవుతుంది. తల్లి పేరు కుమారుడి జనన ధ్రువపత్రంలో ‘బీ’తో, ఓటరు కార్డులో ‘బేగం’తో, బ్యాంకు పుస్తకంలో రెండూ లేకుండా ఉంటుంది. మన బంధువులలో ఇవన్నీ ఒకే మనిషి పేర్లని వేరే చెప్పనక్కరలేదు. లండన్‌లో కూర్చుని దస్త్రం చూసే ఉద్యోగికి మాత్రం ఇవి ముగ్గురు వేర్వేరు మనుషులు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. బ్రిటన్ వీసాకు తల్లిదండ్రుల ఖాతాలోని డబ్బు చూపిస్తే, వారు తల్లిదండ్రులేనని రుజువుగా జనన ధ్రువపత్రం జతచేయాలి, సొమ్ము వాడుకోవడానికి వారి అంగీకార పత్రమూ ఇవ్వాలి. బ్యాంకు పుస్తకంలోని పేరూ, జనన ధ్రువపత్రంలోని పేరూ కలవకపోతే డబ్బు ఉండీ లేనట్లే అవుతుంది.

పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంతపేరు వేర్వేరు గడులలో ఉంటాయి. దరఖాస్తు చేసేటప్పుడు ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, పేరంతా ఒకే గడిలో వ్రాయించేవారు మనలో ఎక్కువ. అలాంటి పాస్‌పోర్టుతో వెళితే అమెరికా వీసాపై సొంతపేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అన్న మూడక్షరాలు పడతాయి. సొంతపేరు తెలియదని వాటి అర్థం. ఆ తరువాత అక్కడి డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా, జీతం చీటీ అన్నింటిమీదా ఆ మూడక్షరాలే వెంటబడతాయి. ఇంట్లో ముద్దుగా పెట్టుకున్న పేరు అక్కడ ఒక ప్రభుత్వ సంక్షిప్తాక్షరంగా మారడం చూసి నవ్వుకునేవారూ ఉన్నారు, బాధపడేవారూ ఉన్నారు.

దీనికి నివారణ సులభమే, కాని వేళకు చేయాలి. డిగ్రీ పట్టాలన్నీ పదవ తరగతి పేరునే అనుసరిస్తాయి కాబట్టి దానినే ప్రమాణంగా తీసుకుని ఆధార్, పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతాలను దానికి సరిచేయించుకోవాలి. ఈ పని ఇంజనీరింగు నాలుగో సంవత్సరంలో కాదు, ఇంటర్మీడియట్‌లో ఉండగానే మొదలుపెట్టాలి. తల్లిదండ్రుల పేర్లూ అదే విధంగా చూసుకోవాలి. అక్షరభేదం చిన్నదైతే రెండు పేర్లూ ఒకరివేనని ప్రమాణపత్రం వ్రాయించి ఉంచుకోవచ్చు. పేరే మారితే గెజిట్ ప్రకటన దాకా వెళ్లవలసి వస్తుంది. ఆడపిల్లల విషయంలో మరొక జాగ్రత్త కావాలి. నిఖా తరువాత ఆధార్‌లో భర్త పేరు చేర్చి, పాస్‌పోర్టులో తండ్రి పేరు అలాగే ఉంచి, పట్టాలు పుట్టింటి పేరుతో ఉంచుకుంటే ఆమె దస్త్రం అన్నింటికంటే చిక్కుపడుతుంది.

చూపించే డబ్బు, ఉన్న డబ్బు

ఇక సొమ్ము సంగతి. పడమటి ప్రకాశంలో సంపాదన నెల జీతంగా వచ్చే ఇండ్లు తక్కువ. వ్యవసాయం, పలకల గనులు, చిన్న దుకాణం, లారీ, గల్ఫ్ కూలి, ఇవీ మన ఆధారాలు. ఇవి మంచి ఆదాయాలే. అయితే చాలావరకు కాగితంమీద కనిపించని ఆదాయాలు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనుక రైతు కుటుంబాలలో ఆదాయపు పన్ను రిటర్ను ఉండదు. దాని అర్థం ఆదాయం లేదని కాదు. పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, తహశీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, పంట అమ్మిన రశీదులు ఉంటాయి. పొదిలి పొగాకు వేలం కేంద్రంలో అమ్మిన రైతుకు ఆ సొమ్ము బ్యాంకు ద్వారానే వస్తుంది, దాని జాడ ఖాతాలో నిలిచి ఉంటుంది. దుకాణం ఉన్నవారు రెండు మూడేళ్ల ముందు నుంచే రిటర్నులు వేస్తూ, రోజువారీ అమ్మకం సొమ్మును బ్యాంకు గుండా నడిపిస్తే ఆ వేళకు దానికదే ఆధారమవుతుంది. వీసా వేళకు ఒక్కసారిగా వేసే మూడేళ్ల రిటర్నులు ఎవరినీ నమ్మించవు.

ఎవరి డబ్బు చెల్లుతుందన్నదీ దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాకు అన్న, మేనమామ, చిన్నాన్న ఎవరైనా ఖర్చు భరించవచ్చు. ఎందుకు భరిస్తున్నారో సహేతుకంగా చెప్పగలిగితే చాలు. బ్రిటన్‌కు విద్యార్థి సొంత ఖాతా, తల్లిదండ్రుల ఖాతా, చట్టబద్ధ సంరక్షకుని ఖాతా మాత్రమే పనికివస్తాయి. కువైట్‌లోనో, సౌదీలోనో కష్టపడి తమ్ముడిని చదివించాలనుకునే అన్న ఖాతాలో ఎంత ఉన్నా ఆ లెక్కలోకి రాదు. మన కుటుంబాలలో అన్నే తండ్రి స్థానంలో ఉండడం సాధారణం కాబట్టి ఈ ఒక్క నియమం తెలియక ఎన్ని ఇండ్లలో రుసుము వృథా అవుతుందో ఊహించవచ్చు. ఆ అన్న సొమ్మును ముందుగానే తండ్రి ఖాతాకో, తమ్ముడి ఖాతాకో బ్యాంకు ద్వారా పంపి, ఆ పంపిన ఆధారం దాచుకోవాలి.

అక్కడ మరో నియమం 28 రోజులది. మొదటి సంవత్సరం ఫీజులో కట్టవలసిన మిగులు, దానితోపాటు తొమ్మిది నెలల నివాస ఖర్చు వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. ఒక్క రోజు ఒక్క రూపాయి తగ్గినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆ స్టేట్‌మెంటు ముగింపు తేదీ దరఖాస్తుకు 31 రోజులలోపుదై ఉండాలి. 2025 నవంబరు 11 నుంచి ఈ నివాస ఖర్చును లండన్‌లో నెలకు 1,529 పౌండ్లుగా, వెలుపల 1,171 పౌండ్లుగా నిర్ణయించారు. అంటే లండన్ వెలుపల చదివేవారికి ఫీజు కాక 10,539 పౌండ్లు. పైగా ఆరోగ్య రుసుము ఏడాదికి 776 పౌండ్లు దరఖాస్తుతోపాటే కట్టాలి. బీరువాలోని బంగారం, ఇంటి స్థలం ఈ లెక్కలోకి రావు. వాటిని డబ్బుగా మార్చి ఖాతాలో వేస్తేనే లెక్క.

ఈ 28 రోజుల దగ్గరే ఒక వ్యాపారం పుట్టింది. ఖాతాలో డబ్బు లేని కుటుంబానికి దళారి ఒకడు నెల రోజులకు లక్షలు జమచేసి, పని కాగానే వెనక్కు తీసుకుంటాడు. అందుకు వడ్డీ లాగుతాడు. దీనికి ‘ఫండ్స్ చూపించడం’ అని ముద్దుపేరు. అందరూ చేస్తున్నదే కదా అని నమాజు తప్పని ఇండ్లలో కూడా దీనికి ఒప్పుకుంటున్నారు. ఇందులో ఎన్ని తప్పులున్నాయో విడదీసి చూడాలి. మనది కాని సొమ్మును మనదని వ్రాసి ఇవ్వడం అబద్ధ సాక్ష్యం. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) దానిని మహాపాపాల జాబితాలో పేర్కొన్నారు. దానికి చెల్లించేది స్పష్టమైన వడ్డీ. ఇక లౌకికంగా చూసినా, నెల తరువాత ఆ సొమ్ము వెళ్లిపోతుంది. ఫీజు, అద్దె, తిండి ఖర్చులు మాత్రం మిగిలే ఉంటాయి. అనుమతించిన గంటలు దాటి దొంగచాటుగా పనిచేసే విద్యార్థులలో చాలామంది కథ ఇక్కడే మొదలవుతుంది.

దొరికిపోతే శిక్ష చిన్నది కాదు. మోసపూరితమైన సమాచారం ఇచ్చినట్లు తేలితే అమెరికా చట్టం ఆ వ్యక్తిని శాశ్వతంగా అనర్హుడిగా పరిగణిస్తుంది. బ్రిటన్‌లో నిషేధం పదేళ్లు, కెనడాలో ఐదేళ్లు, ఆస్ట్రేలియాలో సాధారణంగా మూడేళ్లు. ఇరవై రెండేళ్ల పిల్లవాడికి కన్సల్టెన్సీ చేసిన ఈ ‘సహాయం’ అతని పెళ్లి నాటికి, అతని పిల్లల చదువు నాటికి కూడా వదలకపోవచ్చు.

మరి వడ్డీ వద్దనుకునే కుటుంబం ఏం చేయాలి? బ్యాంకు విద్యారుణం విషయంలో మీ నమ్మకస్తులైన ఆలిములను అడిగి నిర్ణయించుకోవాలి, అది ఈ వ్యాసం తేల్చగలిగిన అంశం కాదు. బంధువులు కలిసి ఖర్జె హసనా ఇవ్వడం మన సమాజంలో ఉన్న మంచి సంప్రదాయం. అయితే దాన్ని నోటిమాటగా ఉంచకూడదు. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద వాక్యం, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పును వ్రాసుకోవడం గురించీ సాక్షుల గురించీ అవతరించింది. అది వడ్డీని నిషేధించిన వాక్యాల వెంటనే రావడం గమనించదగినది. ఎంత, ఎవరు, ఎప్పటికి అని వ్రాసి, బ్యాంకు ద్వారా ఇచ్చిన ఖర్జె హసనా బంధుత్వాన్నీ కాపాడుతుంది. అధికారి అడిగినప్పుడు ఈ సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్నకు నిజమైన జవాబూ అదే అవుతుంది.

రెండు విశ్వవిద్యాలయాల కథ

తెలుగువారు మరచిపోకూడని సంవత్సరాలు రెండున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. అందులో పేరు నమోదైన 1,500 మందికి పైగా విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది ఆనాటి ఆంధ్రప్రదేశ్‌వారు. సగానికి పైగా విద్యార్థులు ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్లు రికార్డులలో చూపించారు. చదువుల కోసం వెళ్లిన కొందరు పిల్లల కాళ్లకు ఎక్కడికి కదిలినా తెలిసే రేడియో పట్టీలు కట్టారు. ఆ సంస్థ వ్యవస్థాపకురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

రెండోది 2019 జనవరి. మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని నడిపింది స్వయంగా అమెరికా ప్రభుత్వ అధికారులే. వీసా దళారులను పట్టుకోవడానికి పన్నిన వల అది. దానికి అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. అందులో దాదాపు 600 మంది చేరారు. తొలి విడతలోనే 129 మంది భారతీయ విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు, వారిలో తెలుగువారే ఎక్కువ. విద్యార్థులను చేర్పించి కమీషన్లు తీసుకున్న ఎనిమిది మంది దళారులూ తెలుగు మూలాలవారే, తరువాత నేరం ఒప్పుకున్నారు. భారత ప్రభుత్వం ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన తెలిపింది. ప్రభుత్వమే వల పన్ని పిల్లలనుంచి ఫీజులు వసూలు చేయడం న్యాయమా అన్న ప్రశ్న అక్కడి కోర్టులకూ వెళ్లింది. ఫీజుల కోసం వేసిన దావా కొనసాగవచ్చని 2024లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా మన వైపు నుంచి అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఒక్క తరగతి కూడా జరగని చోట నెలల తరబడి ఫీజు కట్టిన విద్యార్థి తాను కొంటున్నది చదువు కాదని ఏనాడూ అనుకోలేదా?

గమనించండి, ఆ ఫార్మింగ్టన్ ప్రభుత్వ ఆమోదిత జాబితాలోనూ ఉండేది. జాబితాలో పేరు ఉండడం మొదటి మెట్టు మాత్రమే. అధ్యాపకుల పేర్లు, పాఠ్యాంశాలు, గ్రంథాలయం, పట్టా పొందిన పూర్వ విద్యార్థులు, ఇవన్నీ చూడాలి. చేరిన మొదటి రోజు నుంచే ఎక్కడైనా పూర్తికాలం ఉద్యోగం చేసుకోవచ్చని ఆశపెట్టే చోటును వదిలేయాలి. విమానం ఎక్కకముందే ఆగిపోయినవారూ ఉన్నారు. 2015 డిసెంబరులో రెండు కాలిఫోర్నియా విద్యాసంస్థలకు వెళ్లవలసిన 19 మంది విద్యార్థులను హైదరాబాదు విమానాశ్రయంలోనే ఎయిరిండియా ఆపివేసింది. అంతకుముందు అక్కడికి వెళ్లినవారిని వెనక్కు పంపడమే అందుకు కారణం. వారి చేతిలో వీసాలు ఉన్నాయి. వీసా దేశం తలుపు వరకు తీసుకువెళ్తుంది, తలుపు తీయడం సరిహద్దు అధికారి చేతిలో ఉంటుంది.

ఇంటర్వ్యూ, నిఖా, తిరస్కరణ

ఇంటర్వ్యూకు జవాబులు కంఠస్థం చేయించే శిక్షణలు వచ్చాయి. ఒకే కన్సల్టెన్సీ నుంచి వచ్చిన పదిమంది అవే వాక్యాలు వల్లిస్తుంటే వినేవారికి తెలియదా? ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఈ కోర్సులో ఏముంది, ఇక్కడి చదువుతో దానికి సంబంధమేమిటి, నాన్నగారు ఏం చేస్తారు, ఈ సొమ్ము ఎలా వచ్చింది, చదువయ్యాక ఏం చేస్తావు, అడిగేవి ఇవే. పొదిలి దుకాణం లెక్క ఉన్నదున్నట్లు చెప్పగలిగిన పిల్లవాడు తడబడడు. ఇంగ్లీషు సాఫీగా రాకపోయినా, చెప్పేది తన మాటే అని అధికారికి అర్థమైతే చాలు. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని అమెరికా విద్యార్థులను కోరుతున్నది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి స్వదేశంలోనో, నివసించే దేశంలోనో దరఖాస్తు చేయాలని చెప్పింది కాబట్టి, త్వరగా తేదీ దొరుకుతుందని మరో దేశానికి వెళ్లి వచ్చే దారి మూసుకుపోయింది. నియమాలు ఇంత వేగంగా మారుతున్నప్పుడు పక్కింటి అబ్బాయి రెండేళ్ల కిందటి అనుభవం కన్నా, ఆయా దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్ ఆ వారం చెప్పే మాటే నమ్మదగినది.

పెళ్లిచూపులలో వీసా ప్రస్తావన వచ్చే ఇండ్లకు ఒక మాట. భార్య చదువుకు వెళితే భర్త వెంట వెళ్లి ఉద్యోగం చేసుకోవచ్చన్న లెక్కతో బ్రిటన్ సంబంధాలు కుదిరిన కాలం ఒకటుండేది. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు మినహా మామూలు మాస్టర్స్ విద్యార్థులు భార్యనో భర్తనో వెంట తీసుకుపోలేరు. అమెరికాలో ఎఫ్-2 మీద వెళ్లిన జీవిత భాగస్వామికి ఉద్యోగం చేసే హక్కు లేదు. వీసా ఆధారంగా కుదిరిన నిఖా, ఆ దేశపు నియమం మారిన రోజున దేని ఆధారంగా నిలుస్తుందో పెద్దలు ముందే ఆలోచించాలి.

ఖర్చు తక్కువగా ఉండే దారులూ ఉన్నాయి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావాటిలో ఫీజు లేదు. అయితే ఏడాది ఖర్చు 11,904 యూరోలను విద్యార్థి పేరనే ప్రత్యేక ఖాతాలో వేయాలి, అందులోనుంచి నెలకు 992 యూరోలు అతనికే తిరిగి వస్తాయి. 2022 నవంబరు నుంచి భారతీయులకు ఏపీఎస్ అనే సర్టిఫికెట్ పరిశీలన తప్పనిసరి. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఈ దారిని ముందుగా పరిశీలించడం మేలని నా అభిప్రాయం. ధార్మిక విద్య కోరుకునేవారికి 1961లో నెలకొన్న మదీనా ఇస్లామీయ విశ్వవిద్యాలయం విద్యార్థివేతనంతో సీట్లు ఇస్తుంది. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యారుణాలపై వడ్డీని భరించిన కేంద్ర పథకం ‘పఢో పరదేశ్’ను 2022-23 నుంచి నిలిపివేశారు. మన రాష్ట్రంలోని విదేశీ విద్య పథకమైతే ప్రభుత్వంతోపాటు పేరునూ షరతులనూ మార్చుకుంటూ వచ్చింది. మంజూరు పత్రం చేతికి రాకుండా ఏ విద్యార్థివేతనాన్నీ వీసా లెక్కలో చేర్చకండి.

ఇంత చేసినా తిరస్కరణ రావచ్చు. అమెరికాలో 214(బి) కింద వచ్చే తిరస్కరణకు అర్థం, చదువు ముగించి తిరిగి వస్తారన్న నమ్మకం అధికారికి కలగలేదని మాత్రమే. అది నిషేధం కాదు, మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. పన్నెండు నెలలలోపు అదే రకం వీసాకు వెళితే సెవిస్ రుసుము మళ్లీ కట్టనక్కరలేదు, 185 డాలర్లు మాత్రం కట్టాలి. తిరస్కరణ పత్రాన్ని చింపేయకుండా దాచాలి. తరువాత ఏ దేశానికి దరఖాస్తు చేసినా, ఇంతకుముందు ఎక్కడైనా వీసా నిరాకరించారా అన్న ప్రశ్న ఉంటే దానికి అవునని వ్రాయాలి. అప్పుడు ‘లేదు’ అని వ్రాయమని సలహా ఇచ్చే దళారి దగ్గర ఉన్న మీ సర్టిఫికెట్లన్నీ ఆ రోజే తెచ్చుకోండి.